మధుసూదనరావు గారి కుడి లైటు

మధుసూదనరావు గారు కైరో నుంచి కేప్‌టౌన్ దాకా రోడ్డు వేశారు. ఈ మాట నేననడం లేదు, ఆయనే అంటారు. ఐర్లండులోని నేస్ ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ పుట్టినరోజుకి వెళ్ళినా, బిర్యానీ ప్లేటు చేతిలోకి వచ్చిన పది నిమిషాల్లో ఆ రోడ్డు బయల్దేరుతుంది. ఈజిప్టులో మొదలై, సూడాను దాటి, ఇథియోపియా కొండలెక్కి, కెన్యాలో దిగి, టాంజానియా, జాంబియాల మీదుగా ఆఫ్రికా కొసన సముద్రంలో కాళ్ళు పెట్టేదాకా ఆగదు. పదివేల కిలోమీటర్ల పైచిలుకు మరి! ఈలోగా బిర్యానీ చల్లారిపోతుంది, విన్నవాళ్ళు ఒక్కొక్కరే పెరుగన్నం వైపు జారుకుంటారు.

నిజం చెప్పొద్దూ, ఆ పదివేలలో ఆయన వాటా నలభై రెండు కిలోమీటర్లు. కెన్యా ఉత్తరాన, మార్సబిట్ అనే ఊరు దాటాక, నల్లరాళ్ళు తప్ప మరేమీ కనిపించని ఎడారి ముక్క. ఆ నలభై రెండింటిలోనూ ఆయన వేసింది రోడ్డు కాదు, రోడ్డు కింద వాననీళ్ళు పోయే కల్వర్టులు. మొత్తం అరవై మూడు. ఎనిమిదేళ్ళ ఉద్యోగం.

"ఎడారిలో కల్వర్టులెందుకు అంకుల్?" అని ఒక కుర్ర సాఫ్టువేర్ ఇంజనీరు నోరు జారి అడిగాడు ఒకసారి.

"ఏడాదికి రెండ్రోజులే కురుస్తుంది బాబూ అక్కడ. రోడ్డు కొట్టుకుపోయేది కూడా ఆ రెండ్రోజులే. నీళ్ళకి దారి ఇవ్వనోడు మనుషులకేం ఇస్తాడు దారి?" అని మొదలెట్టి, అరవై మూడింటిలో పదకొండో నంబరు దాకా వచ్చారు రావుగారు. అప్పటికి కేకు కోసేశారు. ఆ రోజు నుంచి ఆయన పేరు కల్వర్టు అంకుల్. వెనకాల నవ్వుతూ పెట్టిన పేరే గాని, ఆయన మాత్రం దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నారు.

ఇంత ఘనమైన రోడ్డు మనిషికి ఐర్లండులో లైసెన్సు లేదు. మన లైసెన్సు ఇక్కడ చెల్లదు, మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకుని పరీక్ష ప్యాసవ్వాలి. రావుగారు పరీక్షకి వెళ్ళారు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ తప్పారు.

అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఈయనకి లైసెన్సెందుకు, కొడుకు తిప్పడా అంటారేమో. రావుగారు, భార్య విమల గారు ఉండేది కొడుకు విశాల్ దగ్గరే. మంచివాడే పాపం. డబ్లిన్‌లో కంప్యూటర్ల ఉద్యోగం, మిగిలిన టైములో ఇంట్లో కంప్యూటర్ల ఉద్యోగం. పెళ్ళి ఊసెత్తితే లాప్‌టాప్ తెరుస్తాడు. అసలు సంగతి కూతురు లోహితది. ఆ పిల్ల డాక్టరు. కిందటి జులైలో లెటర్‌కెన్నీ ఆస్పత్రికి వేశారు. లెటర్‌కెన్నీ అంటే దేశానికి ఆ కొస.

బస్సెక్కి పోవచ్చు కదా అంటే, ఆ బస్సు మధ్యలో ఉత్తర ఐర్లండులోంచి పోతుంది. అక్కడ గేటు లేదు, అడిగేవాడు సాధారణంగా ఉండడు, బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్ళుగా మారడం తప్ప తేడా తెలియదు. కానీ చట్టం ప్రకారం అది వేరే దేశం, మన పాస్‌పోర్టుకి వేరే వీసా కావాలి. పది దేశాల్ని కలిపే రోడ్డు వేసిన మనిషికి ఒక్క దేశం అడ్డొచ్చి కూర్చుంది. అది తప్పించుకోవాలంటే స్లైగో మీదుగా చుట్టుదారి. రైలు, బస్సు మారుకుంటూ పోతే రోజంతా పడుతుంది, విమల గారి మోకాళ్ళు ఒప్పుకోవు. కారైతే నాలుగున్నర గంటలు.

మొదట్లో లోహితే వచ్చేది. నవంబరులో ఒకసారి వరసగా డ్యూటీలు చేసి అలాగే బయల్దేరి, దారిలో కళ్ళు మూతలు పడుతుంటే పెట్రోలు బంకులో కారాపి రెండు గంటలు నిద్రపోయింది. ఫోను తియ్యలేదు. ఆ రెండు గంటలూ విమల గారి ప్రాణం ప్రాణంలో లేదు. పిల్ల ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ఆవిడ తీర్పు చెప్పేశారు.

"ఇంక నువ్వు రాకు. మేమే వస్తాం."

"ఎలా వస్తారమ్మా?"

"మీ నాన్నగారున్నారుగా, ఆఫ్రికా అంతా తిరిగొచ్చినాయన!"

అది వేళాకోళం. రావుగారు మాత్రం దాన్ని ప్రతిజ్ఞగా మార్చేశారు. "మే నెలలో నీ పుట్టినరోజుకి మీ అమ్మని నేనే కూచోబెట్టుకుని తీసుకొస్తాను. చూస్తుండు" అన్నారు. అప్పటికే ఒకసారి తప్పి ఉన్నారన్న మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. లోహిత కొత్తది కొనుక్కుని తన పాత చిన్న కారు నేస్‌లోనే వదిలి వెళ్ళింది.

ఆ మొదటిసారి తప్పిన కథ చెప్పకపోతే ఎలా? ఇక్కడ పరీక్షకి ముందు పన్నెండు పాఠాలు తప్పనిసరి. నేర్పడానికి వచ్చినాయన పేరు డెక్లన్. ఎర్రటి చెంపలు, మెత్తటి గొంతు, ఎవర్నీ నొప్పించడం చేతకాని మనిషి. రావుగారు ఏం చేసినా "గ్రాండ్" అనేవాడు. గేరు బర్రుమంటే గ్రాండ్, కారు పేవ్‌మెంటెక్కి దిగితే గ్రాండ్. ఐర్లండులో ఆ మాటకి అర్థం 'సరేలే, ఫరవాలేదు, ప్రాణాలు పోలేదు కదా' అని. మన రావుగారికి గ్రాండంటే పెళ్ళి గ్రాండ్‌గా చేశారు, విందు గ్రాండ్‌గా పెట్టారు. అంచేత రోజూ ఇంటికొచ్చి, "ఆయ్, నా డ్రైవింగు గ్రాండ్ అన్నాడే విమలా, ఒక్కసారి కాదు, ఇరవైసార్లు" అని కాలరెగరేసేవారు.

మొదటి పరీక్ష అయ్యాక ఎగ్జామినరుతో, "మధ్యలో ఒకసారి బండి ఆగిపోయింది, సారీ అండి" అన్నారట. ఆ దొర, "యూ ఆర్ గ్రాండ్" అన్నాడట. ఇంకేముంది, లోపలికెళ్ళి ఫలితం వినకుండానే కుటుంబం వాట్సాప్ గ్రూపులో వేసేశారు, పాస్ అని. లెటర్‌కెన్నీ నుంచి లోహిత చప్పట్ల బొమ్మలు పంపింది. విమల గారు పరమాన్నం పొయ్యి మీద పెట్టారు. తీరా రావుగారు ఇంటికొచ్చేసరికి మొహం వేలాడుతోంది. తప్పారు. పాలు వృథా అవుతాయని పరమాన్నం మాత్రం రెండు గిన్నెలు తిన్నారు.

రెండోసారి తప్పితే వాన అన్నారు. మూడోసారి, "ఆ ఎగ్జామినర్ అమ్మాయికి పొద్దున్నే ఇంట్లో ఏదో గొడవ అయ్యుంటుంది, నా మీద తీర్చుకుంది" అన్నారు.

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట" అన్నారు విమల గారు, ఉల్లిపాయలు తరుగుతూ.

అసలెందుకు తప్పుతున్నారో ఆయన ఎవరికీ చెప్పలేదు. తప్పుల జాబితా ఈమెయిలుకి వస్తుంది. కాగితం చేతిలో లేనిదే ఏదీ జరిగినట్టు అనిపించదు ఆయనకి, పాత సైటు అలవాటు. ఊరి లైబ్రరీకెళ్ళి ప్రింటు తీయించుకుని, చదివి, తల గోక్కుని, నాలుగు మడతలు పెట్టి ఎక్కడో దాచేసేవారు.

మూడో పరీక్షా తప్పిన వారంలోనే విశాల్ తండ్రిని కూర్చోబెట్టాడు. "నాన్నా, ఏప్రిల్‌లో లాస్ట్ చాన్స్. అది కూడా పోతే కారు అమ్మేద్దాం. సీరియస్‌గా చెప్తున్నా. రేపు నువ్వు ఎవరికైనా తగిలించావనుకో, పోలీసులు ఇంటికొస్తారు. అమ్మని నేనే తీసుకెళ్తా, ప్రాజెక్ట్ అయిపోనీ."

"నీ ప్రాజెక్ట్ నా రోడ్డు కన్నా పొడుగు లాగుందిరా" అన్నారు రావుగారు. మాటకి మాట అన్నారే గాని, ఆ సాయంత్రం పెద్దగా మాట్లాడలేదు. కెన్యా ఊసు కూడా ఎత్తలేదు. ఇంట్లో వాళ్ళకి కంగారు పుట్టడానికి అది చాలు.

ఆయన దిగులు పుట్టినరోజు ఒక్కదాని గురించే కాదు. దాని కింద పాత మాట ఒకటుంది. ఆ ఎనిమిదేళ్ళూ రోజూ సాయంత్రం సైటు నుంచి పిఠాపురంలో ఉన్న విమల గారికి ఫోను చేసేవారు. అక్కడ ఆవిడ ఒక్కతే ఇంజనీరింగు కొడుకునీ, ఎంబీబీఎస్ కూతుర్నీ ఈడ్చుకొస్తోంది. ఫోను పెట్టేముందు ఈయన రోజూ ఒక్క మాటే. "రోడ్డు పూర్తయ్యాక నిన్ను పక్కన కూచోబెట్టుకుని నా ముక్క ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతాను విమలా." రోడ్డు పూర్తయింది. కంపెనీవాళ్ళు వారం తిరక్కుండా విమానం ఎక్కించేశారు. విమల గారు ఆ రోడ్డు చూడనే లేదు. ఎప్పుడైనా మాటొస్తే, "ఆఁ, ఎక్కేం, దిగేం" అని నవ్వేస్తారు. ఆ నవ్వే రావుగారికి గుచ్చుకుంటుంది.

దాచిన ఆ పరీక్ష కాగితాలు ఎలా బయటపడ్డాయంటే, కందిపప్పు వల్ల. వంటింటి అల్మరాని ఇక్కడ ప్రెస్ అంటారు, విమల గారూ అలాగే అనడం మొదలెట్టారు. ఆ ప్రెస్సులో పై అరన కందిపప్పు పెద్ద డబ్బా లాగితే, వెనక నుంచి మూడు కాగితాలు రాలిపడ్డాయి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మూడూ పక్కపక్కన పరిచి చూశారు. తప్పుకి ఒకటి చొప్పున గీతలు అక్కడో ఇక్కడో ఉన్నాయి గాని, మూడింటిలోనూ గీతల మీద గీతలు పడింది ఒక్క వరసలోనే. సిగ్నళ్ళు. అక్కర్లేని చోట సిగ్నల్, తప్పుదోవ పట్టించే సిగ్నల్.

ఆవిడ ఆయన్ని అడగలేదు. ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో ఒడ్డెక్కించిన మనిషి, తొందరపడదు. కాగితాలు మళ్ళీ అలాగే మడిచి డబ్బా వెనక పెట్టేసి, ఆదివారం ప్రాక్టీసుకి తండ్రీకొడుకులు బయల్దేరుతుంటే, "నేనూ వస్తాను, గాలి మారినట్టుంటుంది" అని వెనక సీట్లో ఎక్కారు.

నేస్ దాటి కిల్‌కలెన్ వైపు పోతున్నారు. రెండు పక్కలా కంచెలు, మధ్యలో ఇరుకు దారి. వెనక ఒక ఎర్ర కారువాడు తోకలా పట్టుకున్నాడు. ఎదర నుంచి లారీ వస్తోంది. టిక్కు, టిక్కు, టిక్కు. లారీ వెళ్ళిపోయింది. కాస్త ఆగి మళ్ళీ, టిక్కు, టిక్కు.

"ఏవండీ, ఇందాక కుడి లైటెందుకేశారు?"

"ఎవరు, నేనా? వెయ్యలేదు."

"వేసేరు. తర్వాత ఎడమది కూడా వేసేరు. ఏరా విశాల్, వేసేరా లేదా?"

"వేశాడు. చాలాసార్లు వేస్తాడమ్మా. చెయ్యి తగులుతోందేమో అనుకున్నా."

"పక్కకి ఆపండి."

ఒక పొలం గేటు ముందు ఆపారు. గేటు మీద నుంచి ఒక రేసుగుర్రం మెడ చాపి వీళ్ళనే చూస్తోంది. విమల గారు ముందుకి వంగారు.

"ఎదర లారీ వచ్చింది. వెనకాతల ఎర్ర కారువాడు తోసుకొస్తున్నాడు. మీరు కుడి లైటేసి వాణ్ణి ఆగమన్నారు. లారీ పోయాక ఎడమ లైటేసి, ఇంక పొమ్మన్నారు. అవునా?"

రావుగారు ఆవిడ వంక తిరిగారు. చెయ్యి ఇంకా ఆ సిగ్నల్ పుల్ల మీదే ఉంది.

"నీకెలా తెలుసు?"

"మీరే చెప్పేరు. పదిహేనేళ్ళ పైమాట. గల్గాలో అనే ఆయన నేర్పేడని."

గల్గాలో అన్నది ఒక లారీ డ్రైవరు పేరు. రావుగారు సైటులో చేరిన మొదటి నెల, ఇంకా తారు పడని దారిలో, మేకల్ని ఎక్కించుకున్న ఒక లారీ వెనక ఇరుక్కుపోయారు. ముందంతా దుమ్ము. దాటిపోదామని పికప్పుని పక్కకి తిప్పుతుండగా లారీకి కుడి లైటు వెలిగింది. ఈ ఎడారిలో కుడివైపు తిరగడానికి ఏముందిరా నీకు అని తిట్టుకుంటూ వెనక్కి తగ్గారు. మరుక్షణం ఆ దుమ్ములోంచి ఎదురుగా ఒక బస్సు రివ్వున దూసుకుపోయింది. ఆపైన లారీకి ఎడమ లైటు వెలిగింది. తర్వాత టీ బడ్డీ దగ్గర ఆ పొడుగాటి డ్రైవరు దిగొచ్చి, ఈయన భుజం తట్టి నవ్వి చెప్పాడు. ఈ దారిలో లారీవాడి లైటు లారీవాడి కోసం కాదు, వెనక వచ్చేవాడి కోసం. కుడిదైతే ఆగు, ఎడమదైతే పో. అప్పటి నుంచి ఎనిమిదేళ్ళూ రావుగారు ఆ లైట్ల మాట జవదాటలేదు. తన వెనక వచ్చినవాడికి లైటు వెయ్యకుండా పోనూ లేదు.

"ఆ రోజు నువ్వు ఫోన్లో పడీ పడీ నవ్వేవు" అన్నారు రావుగారు.

"నవ్వేను. ఫోను పెట్టేసి, అరుగు మీద కూలబడ్డాను. అన్నవరం సత్యదేవుడికి మొక్కుకున్నాను, మీరు సెలవకి రాగానే వ్రతం చేయిస్తానని."

"ఆ వ్రతం లోహిత సీటు కోసం అన్నావు!"

"సీటు అదే తెచ్చుకుందండీ, చదువుకుని."

ముందు సీట్లో విశాల్ గుర్రాన్ని చూస్తున్నాడు. ఇంతసేపు ఒక గుర్రాన్ని చూడాల్సిన పని వాడికి ఎన్నడూ పడలేదు.

రావుగారు స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నారు. "ఆ రోడ్డు తాలూకు నాకు మిగిలింది ఇదొక్కటే విమలా. కల్వర్టు ఎవడికి కనపడుతుంది? పైనించి పోయేవాడికి కింద ఉందని కూడా తెలీదు. ఈ లైటు కూడా తప్పంటే ఎలాగ?"

"తప్పని ఎవరన్నారు? ఇక్కడివాళ్ళకి ఆ భాష రాదంతే. పరీక్షకి మాత్రం వాళ్ళ భాషలో రాయండి. తర్వాత సంగతి తర్వాత."

మర్నాటి నుంచి వైద్యం మొదలైంది. చెయ్యి ఊరికే పుల్ల మీదకి వెళ్ళిందంటే చాలు, వెనక సీట్లోంచి విమల గారు "కెన్యా!" అని కేక. మొదటి ఆదివారం ముప్ఫై ఒక్కసార్లు కేకేశారు. ఇంటికొచ్చి గొంతుకి మిరియాల పాలు తాగారు. డెక్లన్‌కి సంగతి చెబితే, తొడ మీద చరుచుకుని నవ్వి, "దట్స్ గ్యాస్!" అన్నాడు. రావుగారు కంగారుపడి ఇంజను ఆపి వాసన చూశారు. గ్యాస్ అంటే ఇక్కడ తమాషా అనిట.

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదయ్యా?" అని అడిగారు.

"నెర్వస్ అనుకున్నాను మిస్టర్ రావ్. మిగతా అంతా గ్రాండే కదా" అన్నాడు డెక్లన్. ఆపైన వాడూ "కెన్యా, మిస్టర్ రావ్" అనడం నేర్చాడు, అదీ మెత్తగానే. మార్చి ఆఖరుకి కేకలు రెండుకి దిగాయి.

ఏప్రిల్లో నాలుగో పరీక్ష. ఈసారి ఎగ్జామినరు నెరిసిన జుట్టావిడ. చేతిలో పలకలాంటి కంప్యూటరు, మొహంలో ఏమీ లేదు. రావుగారు ఊరి మధ్య నుంచి, బడి పక్క నుంచి, రౌండెబౌట్ల చుట్టూ పెళ్ళికూతుర్ని నడిపించినట్టు కారుని నడిపించారు. అంతా అయి తిరిగొస్తుండగా సాలిన్స్ రోడ్డు మీద ఎదర నుంచి పెద్ద ట్రాక్టరు. వెనక అద్దంలో ఒక తెల్ల వ్యాను, తొందరలో ఉంది. పాపం వాడికి ట్రాక్టరు కనపడుతోందో లేదో. రావుగారి చెయ్యి లేచింది.

"కెన్యా!" అన్నారు పైకే.

"సారీ?" అందావిడ.

"నథింగ్ మేడమ్. గ్రాండ్."

చెయ్యి స్టీరింగు మీదకి దిగింది. ట్రాక్టరు పోయింది. వ్యానువాడు వాడి తిప్పలు వాడు పడ్డాడు. ఆ పది సెకన్లూ వెనకున్నవాణ్ణి గాలికి వదిలేసినట్టు రావుగారికి మహా పాపంగా అనిపించింది.

లోపలికెళ్ళి కూర్చున్నాక ఆవిడేదో చెప్పి చెయ్యి చాపింది. రావుగారు చెయ్యి ఇవ్వలేదు. "మేడమ్, పాసా? గ్రాండా?" అని అడిగారు.

"పాస్డ్, మిస్టర్ రావ్."

"ఇంకోసారి చెప్పండి."

ఆవిడ నవ్వి ఇంకోసారి చెప్పింది. అప్పుడు గాని ఆయన ఫోను తియ్యలేదు. విమల గారు మాత్రం మనిషి ఇంటికొచ్చి నోటితో చెప్పేదాకా పాలు పొయ్యి మీద పెట్టలేదు.

కొత్తగా ప్యాసైనవాళ్ళు రెండేళ్ళు కారుకి ఎన్ అనే అక్షరం తగిలించుకోవాలి. నోవిస్, అంటే పిల్లకాయ అన్నమాట. "పదివేల కిలోమీటర్ల రోడ్డేసినోణ్ణి, నాకు నోవిస్సా?" అని రావుగారు ఎగిరారు. విశాల్ స్వయంగా ఆ ప్లేటు అతికిస్తూ, "ఎన్ అంటే నాన్న అనుకో, సరిపోతుంది" అన్నాడు. దాంతో రెండో ప్లేటు ఆయనే అతికించుకున్నారు.

మే నెల రెండో శనివారం పొద్దున్నే బయల్దేరారు. డిక్కీలో సున్నుండలు, డబ్బా పనసతో ఎలాగో కుదిర్చిన ఆవపెట్టిన పనసపొట్టు కూర, రెండు రకాల పచ్చళ్ళు. లోహితకి కాదు, సగం ఆస్పత్రికి సరిపోతాయి. విమల గారు ఈసారి ముందు సీట్లో కూర్చున్నారు. స్లైగో దాకా రావుగారు మెడ తిప్పలేదు, నోరు విప్పలేదు. స్లైగోలో టీ తాగి, సముద్రం పక్కన కాస్త మెత్తబడి, డోనెగల్ దాటేసరికి మధ్యాహ్నం అయింది. రోడ్డు రెండు కొండల మధ్యలోకి దూరుతోంది. నూరు మీద పోవచ్చని బోర్డు ఉంది. రావుగారు డెబ్బై మీద పోతున్నారు.

"వెనక చూడండి, పెళ్ళి ఊరేగింపులా ఉంది" అన్నారు విమల గారు.

అద్దంలో పాల ట్యాంకరు, దాని వెనక గొర్రెల బండి, ఆ వెనక వరసగా కార్లు.

"వేగం పెంచమంటావా?"

"వద్దు. ఎడమ లైటు వెయ్యండి."

"విమలా, లైసెన్సు వచ్చి నాలుగు వారాలే!"

"పరీక్ష అయిపోయింది కదండీ. పక్కన అంత జాగా ఉంది. ఇప్పుడు మీ భాషలో మాట్లాడండి."

రావుగారు ఎదర చూసుకున్నారు. దారి చాలా దూరం ఖాళీగా ఉంది. కారుని నెమ్మదిగా అంచు గీత అవతలికి జరిపి, ఎడమ లైటేశారు. టిక్కు, టిక్కు. "కెన్యా" అన్నారు విమల గారు, ఈసారి కేకెయ్యకుండా.

పాల ట్యాంకరు దాటిపోయింది. పోతూ పోతూ రెండు లైట్లూ కలిపి రెండుసార్లు మిణుకుమనిపించింది. గొర్రెల బండి దాటింది, అదీ అంతే. తర్వాత కారు, ఆ తర్వాతి కారు.

"ఏంటిది? వీళ్ళందరికీ ఏమైంది?"

"థాంక్స్ చెబుతున్నారండీ. దారిచ్చినవాడికి ఇక్కడ అలా చెబుతారట, లోహిత చెప్పింది."

"వీళ్ళకి తెలుసే!" అన్నారు రావుగారు. "విమలా, వీళ్ళకి వచ్చునే ఈ భాష!" కళ్ళజోడు తడిసిపోయింది. తుడుచుకోవడానికి చెయ్యి తియ్యకూడదని ఆయనకి పాఠం, అందుకని అలాగే ఉంచుకున్నారు. "ఆ గల్గాలో ఇక్కడుంటే వాడికి చూపించేవాణ్ణి."

"నాకు చూపిస్తున్నారుగా."

మలుపు తిరగ్గానే ఒక బోర్డు వచ్చింది. విమల గారు కళ్ళు చిట్లించి చదివారు. లెటర్‌కెన్నీ, నలభై రెండు కిలోమీటర్లు. ఇంకోసారి చదువుకుని ఆయన వైపు చూశారు. ఆయనా చదివారు.

"సరిగ్గా మీ ముక్కే" అన్నారావిడ. "ఈ చివర నుంచి ఆ చివరకి అన్నారు. పదండి మరి."

రావుగారు కారుని మళ్ళీ దారిలోకి తెచ్చారు. కొండల మీద నుంచి సన్నగా నీళ్ళు జారుతున్నాయి, రోడ్డు దాకా వచ్చి కింద ఎక్కడో మాయమై అవతలి పక్క తేలుతున్నాయి. కాసేపటికి ఆయన గొంతు సవరించుకున్నారు.

"అదిగో. కల్వర్టు."

"ఏదీ, ఎక్కడ?" అని విమల గారు గబగబా అద్దం దించి, తల బయటికి పెట్టి చూశారు.